రెండు భాషల బిడ్డకు ఏ కొలత?

మా తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చాలా ఇళ్లలో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. నా మనవరాలు నాతో తెలుగు, అంగన్‌వాడీలో తమిళం మాట్లాడుతుంది. తిరువళ్లూరులో ఒకచోట దాని ఎదుగుదల చూస్తూ తమిళ మాటలే లెక్కపెట్టి, పిల్ల వెనకబడిందేమో అన్నారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. రెండు భాషల్లో పెరిగే పిల్లల మాటలు రెండింట్లోవీ కలిపే లెక్కించాలి.

పిల్లల ఎదుగుదల చూసేందుకు 1967లో అమెరికాలో వెలువడిన డెన్వర్ పరీక్ష ఎన్నో దేశాలకు పాకింది. కానీ దాని ప్రమాణాలు అక్కడి పిల్లలవి. మన పిల్లలను చూసి బరోడాలో ప్రమీలా ఫాటక్ ప్రమాణాలు సిద్ధం చేశారు. వాటిలోంచి 17 అంశాలు ఏరి, తిరువనంతపురంలో రెండేళ్లలోపు పిల్లల కోసం ఒక పట్టిక కూర్చారు. అంగన్‌వాడీ టీచరు కూడా కొద్ది నిమిషాల్లో చూసేయగలిగినంత తేలిక అది.

నడక సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవచ్చు. నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు! పక్కింటి బిడ్డతో పోల్చి కోడళ్లను సాధించే అత్తలు ఈ అంకెలు చదవాలి.

మాట దగ్గర మాత్రం ఇంటి భాషలోనే అడగాలి, తల్లి చెప్పేది వినాలి. అయితే పిలిస్తే తిరిగి చూడని బిడ్డ విషయంలో ఏ భాషా సాకు కాదు. వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.