పత్తి చేలో నరాల గుట్టు

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట చేలల్లో పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందుల్లో చాలావాటి గురి పురుగు నరాల మీదే. పురుగు నరమైనా మన నరమైనా పనిచేసే తీరు ఒక్కటే. చిక్కంతా అక్కడే వచ్చింది.

నరకణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి వోల్టేజి బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ప్రేరణ తగిలి ఆ తేడా కొంత తగ్గగానే కణపొరలోని సోడియం తలుపులు తెరుచుకుంటాయి. సోడియం అయాన్లు లోపలికి దూసుకొచ్చి, ఆవేశం తారుమారవుతుంది. మిల్లీసెకండు తిరిగేసరికి ఆ తలుపులు మూతపడతాయి, పొటాషియం బయటికి పోయి నరం మళ్లీ మామూలవుతుంది. ఈలోగా పక్కనున్న తలుపులు తెరుచుకుంటాయి. సంకేతం సాగిపోయేది ఇలాగే. కొవ్వు తొడుగున్న నరాల్లో దీని వేగం సెకనుకు 100 మీటర్లు దాటగలదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు సముద్రపు స్క్విడ్ లావుపాటి నరం మీద ఈ లెక్క తేల్చి 1952లో ప్రకటించారు. 1963లో నోబెల్ అందుకున్నారు.

సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు ఆ సోడియం తలుపును సరిగా మూతపడనివ్వదు. నరం ఆగకుండా సంకేతాలు పంపి, పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. మన ఒళ్లు ఈ మందును త్వరగా విరిచేస్తుంది గనుక మనకు ముప్పు తక్కువ. ముఖం మీద పడితే మాత్రం చురచుర తప్పదు.

క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ అనే మందులు అంతకంటే ప్రమాదకరం. నరం చివరకూ కండరానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. అక్కడ సంకేతాన్ని దాటించేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. పని అయిపోగానే దాన్ని ఒక ఎంజైము ముక్కలు చేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైమునే పట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదిరి అదిరి చచ్చుబడతాయి. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ చొంగనూ ఊపిరితిత్తుల్లో చేరే నీటినీ ఆపుతుంది. కండరాల నీరసానికి అది పనికిరాదు. కొందరిని వెంటిలేటరు మీద పెట్టేది అందుకే.

మిరపదీ నరం కథే. కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల చేతులు సాయంత్రానికి భగభగమంటాయి, కానీ చర్మం కాలదు. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకోవాల్సిన టీఆర్‌పీవీ-1 అనే నరపు తలుపును మిరపలోని కాప్సైసిన్ చల్లగా ఉండగానే తెరిచేస్తుంది. ఈ తలుపును 1997లో కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. కాప్సైసిన్ నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

మందు కొట్టిన మనిషికి చొంగ, వాంతులు మొదలైతే తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా పట్టుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు వైద్యం సులువు.