ఎదమీది ఉన్ని అక్షరం

అమెరికా ఈశాన్య ప్రాంతంలో ఏప్రిల్ అంటే మనమెరిగిన ఏప్రిల్ కాదు. ఎండ కాస్తున్నా గాలిలో చలి పోదు. బేస్‌బాల్ ఆటల ఋతువు ఆ చలిలోనే మొదలై, మళ్ళీ చలి ముదిరే అక్టోబరులో ముగుస్తుంది. బంతి విసిరే పిచ్చర్‌కు భుజమే జీవనాధారం. అది చల్లబడి బిగుసుకుపోతే ఆనాటి ఆట పోయినట్టే. అందుకే ఇరవయ్యవ శతాబ్దపు తొలి రోజులలో అతడు తన వంతు వచ్చేదాకా దళసరి ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని కూర్చునేవాడు. మెడచుట్టూ మడిచిన వెడల్పాటి కాలరు, ముందువైపు పెద్ద బొత్తాలు, ఎదమీద జట్టు పేరులోని తొలి అక్షరం. ఆనాటి ఛాయాచిత్రాలలో కనిపించే ఆ స్వెట్టర్లను చూసి ఇప్పుడు కొత్తవి అల్లుతున్నారు. క్రికెట్ ఆటగాళ్ళ తెల్ల స్వెట్టర్‌ను ఎరిగిన మన పాఠకులకు ఈ మోజు వింతగా తోచదు.

ఉన్ని పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీల నడుమ చిక్కుకున్న గాలే వెచ్చదనానికి మూలం. పైగా, తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా ఉన్ని ఒంటికి తడి తెలియనివ్వదు. చెమటలు కక్కే ఆటగాడికి అంతకన్న ఏం కావాలి?

ఈ ఆటకు ఉన్నితో పొత్తు చాలా పాతది. 1849లో న్యూయార్క్ నికర్‌బాకర్స్ క్లబ్బు నీలి ఉన్ని పంట్లాము, తెల్లని ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ ఎంచుకుంది. 1865లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ జట్టు తన బూడిదరంగు ఫ్లానెల్ చొక్కాలపై ‘హెచ్’ అక్షరం కుట్టించింది. ఆ అక్షరమే కాలక్రమాన విద్యార్థుల స్వెట్టర్ల మీదికి ఎక్కింది. నడివేసవిలో సైతం ఉన్ని ధరించి ఆడటం శిక్షగానే ఉండి ఉండాలి. అయినా ఆచారం నూరేళ్ళు దాటి సాగింది. 1970 జులైలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు కృత్రిమ దారం కలిపి అల్లిన దుస్తులతో మైదానంలోకి దిగింది. కొద్ది ఏళ్ళలోనే ఉన్ని సెలవు తీసుకుంది.

మరి తిరిగి ఎవరు పిలిచారు? 1988లో సియాటిల్ నగరంలో జెర్రీ కోహెన్ అనే సంగీతకారుడు పాత బేస్‌బాల్ ఉన్ని దుస్తులను యథాతథంగా కుట్టించే సంస్థను ప్రారంభించాడు. బ్రూక్లిన్‌లో 1960లో కూల్చివేసిన ఎబెట్స్ ఫీల్డ్ క్రీడాస్థలం పేరే దానికి పెట్టాడు. పేరుమోసిన జట్లకన్న, మాసిపోయిన జట్లనే అతడు ఎక్కువగా వెతికాడు.

వాటిలో నల్లజాతి ఆటగాళ్ళ జట్లున్నాయి. పెద్ద లీగులు గడప తొక్కనివ్వని రోజులలో, 1920లో, రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగును నెలకొల్పాడు. 1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడటంతో అడ్డుగోడ కూలింది. మేటి ఆటగాళ్ళు, వారి వెంట ప్రేక్షకులు అటు తరలిపోగా హోమ్‌స్టెడ్ గ్రేస్ వంటి జట్లు చితికిపోయాయి. వాటి పేర్లు అంగళ్ళలో ఉన్ని దుస్తులపై వెలసిన ఎన్నో ఏళ్ళకు గాని అధికార గ్రంథాలు కళ్ళు తెరవలేదు. 2024లో ఆ లీగుల లెక్కలను కలిపినప్పుడు, గ్రేస్ జట్టు వీరుడు జాష్ గిబ్సన్ సగటు .372గా తేలి, టై కాబ్‌ను దాటి అగ్రస్థానానికి చేరింది. గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, 35వ ఏట కన్నుమూశాడు.