పారో: ఒడిలో ఒదిగే యంత్రం

డిమెన్షియా అనేది ఒకే జబ్బు పేరు కాదు. అల్జీమర్స్ వ్యాధి వల్లనో, మెదడుకు రక్తప్రసరణ తగ్గడం వల్లనో, మరే కారణం చేతనో నాడీకణాలు క్షీణించి, జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, చివరకు బట్టలు కట్టుకోవడం వంటి నిత్యకృత్యాలు సైతం క్రమంగా పట్టుతప్పే స్థితిని వైద్యులు ఆ పేరుతో వ్యవహరిస్తారు. మరపు కంటే దాని వెంట వచ్చే అలజడే, అంటే కారణం తెలియని ఆందోళన, కోపం, కాలు నిలవని తిరుగుడు, ఇంటివారిని ఎక్కువగా కుంగదీస్తుంది. దానిని అణచడానికి వాడే మానసిక ఔషధాలలో కొన్ని ఈ వృద్ధులలో మరణాల ముప్పును పెంచుతున్నాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. మందు లేని ఉపశమనం కోసం సాగిన అన్వేషణలో పుట్టిన యంత్రాలలో జపాన్‌కు చెందిన పారో ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

పెంపుడు జంతువు దగ్గరుంటే మనసు కుదుటపడుతుందని తెలిసినా, కరుస్తాయనీ, గీరుతాయనీ, ఎలర్జీలకూ అంటురోగాలకూ కారణమవుతాయనీ చాలా ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు వాటిని లోనికి రానివ్వవు. ఈ చిక్కును యంత్రంతో విప్పే ప్రయత్నాన్ని ఇంజనీరు తకనోరి షిబాతా 1993లో ఆరంభించారు. ఆయన మొదట కుక్కను, పిల్లిని అనుకరించి చూశారు. అయితే ఆ జంతువుల నడక, చూపు, కూత అందరూ ఎరిగినవే కావడంతో, చూసినవారు ప్రతి కదలికనూ అసలుతో పోల్చి పెదవి విరిచారు. అప్పుడాయన మంచుసముద్రాలలో బతికే హార్ప్ సీల్ అనే జీవి పిల్లను ఎంచుకొన్నారు. తెల్లని బొచ్చు, పెద్ద నల్లని కళ్లు గల ఆ పిల్లను పెంచినవారు గానీ దగ్గరగా చూసినవారు గానీ అరుదు కనుక, పోల్చి తప్పుపట్టే వీలు లేకపోయింది. యంత్రాన్ని మెరుగుపరచడానికి బదులు చూసేవారి అంచనానే మార్చిన ఈ ఎంపికే పారో కథలో అసలైన ఆవిష్కరణ అనిపిస్తుంది.

సుమారు 57 సెంటీమీటర్ల పొడవు, 2.7 కిలోల బరువు గల పారోను ఎత్తుకొంటే చంటిబిడ్డను ఎత్తుకొన్నట్లే ఉంటుంది. సూక్ష్మజీవులను నిలవనీయని బొచ్చు కింద, మీసాలలో స్పర్శను గ్రహించే సెన్సార్లు అమర్చారు. వాటికి తోడు వెలుతురును, శబ్దాన్ని, ఉష్ణోగ్రతను, తాను ఏ భంగిమలో ఉన్నదీ పసిగట్టే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. నిమిరితే కళ్లు అరమూసి మెడ తిప్పుతుంది, కొడితే నొచ్చుకొన్నట్లు అరుస్తుంది. నిమురుడు తెచ్చిపెట్టిన ప్రవర్తనను మళ్లీ చేయడానికి, దెబ్బ తెచ్చిపెట్టినదాన్ని మానడానికి ప్రయత్నిస్తుంది. తరచుగా పిలిచే పేరును కూడా నేర్చుకొంటుంది. దాని ఛార్జర్ పాలపీక ఆకారంలో ఉండి నోట్లో పెట్టడానికి వీలుగా ఉంటుంది కనుక, విద్యుత్తు నింపడం సైతం పాలు పట్టినట్లే కనిపిస్తుంది. నడవలేకపోవడం లోపంగా తోచవచ్చు గాని, ఒడిలోనో బల్లమీదో ఉండవలసిన వస్తువుకు నడక అక్కరలేదు.

2005లో జపాన్‌లో విక్రయానికి వచ్చిన పారోను 2009లో అమెరికా వైద్యపరికరంగా గుర్తించింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 28 వృద్ధాశ్రమాలకు చెందిన 415 మందితో జరిపి, 2017లో ప్రచురించిన పరిశోధన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. అక్కడ కొందరికి పారోను, కొందరికి స్విచ్ ఆపిన అదే పారోను ఇచ్చి, మిగిలినవారికి మామూలు సేవలనే కొనసాగించారు. మాటలాడడంలో, చూపు నిలపడంలో కదిలే పారోదే పైచేయి అయినా, మరికొన్ని కొలతలలో కదలని బొమ్మ కూడా దానికి దీటుగానే నిలిచింది. అంటే ఉపశమనంలో కొంత భాగం ఎలక్ట్రానిక్స్‌ది కాదు, మెత్తని బొచ్చుది.

ప్రాణం లేని వస్తువు ప్రేమిస్తున్నట్లు నటించడం వంచన కాదా అని షెర్రీ టర్కిల్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. ఆ ఆక్షేపణకు బలముంది. పారోను చేతికిచ్చి సేవకులు పక్క గదికి వెళ్లిపోతే అది నిజమే అవుతుంది. దగ్గరే కూర్చొని, దాని గురించి అడిగి, ముసలివారి నోట పాత సంగతులు రాబట్టేవారికి మాత్రం అది మంచి సాధనం.

అడ్డంకి ధర. పారో ఖరీదు దాదాపు 6,000 డాలర్లు. 2015లో అమెరికాలో బొమ్మల సంస్థ హాస్‌బ్రో సుమారు 100 డాలర్లకే ఒక సహచర యంత్రాన్ని విడుదల చేసింది. గుర్‌గుర్‌మంటూ వెల్లకిలా దొర్లే ఆ చౌక యంత్రానికి ఎంచుకొన్న రూపం, షిబాతా వదిలేసిన పిల్లిదే.