లైన్ నంబర్ లేని ఎర్రర్

కోడ్ రన్ చేస్తే కంపైలర్ 'ఎర్రర్' అని ఒక్క మాట చెప్పి ఊరుకుందనుకోండి. మనకెలా ఉంటుంది? ఎన్నో లైన్లో, ఏం తప్పో తెలిస్తేనే కదా సరిచేసుకుంటాం. "మీ పిల్లోనికి తెలుగు రాదు" అని తల్లిదండ్రులకు అందే కబురు కూడా లైన్ నంబర్ లేని ఎర్రరే.

మాది అహోబిలం. కొబ్బరికాయల అంగడి పెట్టుకున్నోళ్లు, కూలికి పోయేవాళ్లు, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్లు... మా దగ్గర బడిపిల్లల అమ్మానాన్నలు ఎక్కువగా వీళ్లే. బడి భాష అందరికీ అలవాటు ఉండదు. అందుకే భాషా టీచర్ ఆ కబురు ఎలా చెప్తారన్నది పెద్ద విషయం.

2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ దీన్ని టీచర్ బాధ్యతగానే పెట్టింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి చెప్పాలి. ఒక్కో పిల్లాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పాలని కూడా అక్కడే ఉంది. అంటే కబురులో "మేమేం చేస్తున్నాం" అన్న సగం కూడా ఉండాలి.

మరి లైన్ నంబర్ ఎలా దొరుకుతుంది? 2005లో మొదలైన అసర్ సర్వేలో ఒక సులువైన పద్ధతి ఉంది. పిల్లాడు అక్షరాలు చదవగలడా, పదాలా, ఒకటో తరగతి పేరానా, రెండో తరగతి కథా? కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. తెలుగులో ఇంకా దగ్గరగా చూడొచ్చు. ఒకడు 'కలం', 'కాలం' ఒకేలా చదువుతాడు. ఇంకొకడు ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. మూడోవాడు గడగడా చదివేస్తాడు కానీ అర్థం చెప్పలేడు. ముగ్గురికీ 50కి 14 మార్కులే రావొచ్చు. మందు మాత్రం ఒకటి కాదు.

అది తెలిశాక కబురు ఇలా ఉండొచ్చు:

"అమ్మా, మీ వాడు కథలు బాగా చెప్తాడు. చదివేటప్పుడు ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు. బడిలో రోజూ పది నిమిషాలు నేను చదివిస్తా. రాత్రి అన్నం తిన్నాక మీ ముందు ఒక పేజీ గట్టిగా చదవమనండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగాడో వినబడుతుంది. రెండు వారాలకు మళ్లీ మాట్లాడుకుందాం."

ఇందులో పిల్లాడి బలం ఉంది, సమస్య ఉంది, ఎవరి పని ఏంటో ఉంది, మళ్లీ కలిసే గడువూ ఉంది.

టీచర్ వినాల్సినవీ ఉంటాయి. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడతారేమో. కన్ను, చెవి సమస్యేమో. డిస్లెక్సియా లాంటి వాటిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. కానీ అది టీచర్ తేల్చేది కాదు. గమనించింది చెప్పి, పరీక్ష చేయించమనాలి.

ఇక కబురు దారి. నేను చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే. డైరీలో 'నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్' అని రాసిస్తే అమ్మకి చదివి వినిపించాల్సింది నేనే! కబురు ఎవరి మీదో, దాన్ని మోసేదీ వాడే. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులొచ్చాయి. అక్కడ అందరి ముందూ మార్కులు పెడితే వెనకబడ్డ పిల్లల అమ్మలు నోరెత్తరు. విడిగా పంపిన తెలుగు వాయిస్ మెసేజ్ నయం.

రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెడుతున్నారు. 2024 డిసెంబర్ 7న ఒకటి, 2025 జూలై 10న ఇంకొకటి జరిగాయి. మంచిదే. కాకపోతే ఆ డిసెంబర్ 7 శనివారం. అహోబిలంలో శనివారమంటే అంగళ్లకు గిరాకీ రోజు. రాలేని తల్లికి ఒక ఫోనో, అంగడి దగ్గర రెండు నిమిషాల మాటో కావాలి. సంక్రాంతి తర్వాత పారువేటలో స్వామే ఊరూరూ తిరిగి తన పెళ్లికి పిలుస్తాడని మా నమ్మకం. ముఖ్యమైన కబురు గడప దాకా రావాలని మా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మనలో చాలామందిమి తమ్ముడికో చెల్లికో ఈ మీటింగులకు వెళ్తుంటాం. ఈసారి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ ఆగుతున్నాడు? బడిలో మీరేం చేస్తున్నారు? ఇంట్లో మేమేం చెయ్యాలి? జవాబులు విని, ఇంటికొచ్చి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పండి.