స్పానిష్‌లో పాచికకి ఏ పదం? దాదోనా, కూబోనా?

మీరొక లూడో యాప్ చేశారనుకోండి. స్పెయిన్ వాళ్ళకి కూడా ఇద్దామని స్పానిష్ వెర్షన్ రెడీ చేస్తున్నారు. స్క్రీన్ మీద ఉన్నది క్యూబే కదా అని డిక్షనరీ చూస్తే "కూబో" అని వచ్చింది. బటన్ మీద "తిరార్ ఎల్ కూబో" అని పెట్టేశారు. మాడ్రిడ్‌లో ఆ బటన్ చూసిన కుర్రాడికి ఏమర్థమవుతుందో తెలుసా? బకెట్ విసిరెయ్ అని! స్పెయిన్‌లో బకెట్‌ని కూడా కూబో అనే అంటారు మరి. చెత్త డబ్బా "కూబో దె బసూరా". మెక్సికోలో బకెట్‌కి "కుబేతా" అంటారు, అర్జెంటీనాలో "బాల్దె". అక్కడ ఇంత నవ్వు రాకపోవచ్చు గానీ, పాచిక అని మాత్రం ఎక్కడా అనుకోరు.

పాచికకి మాట "దాదో". ఒకటైతే దాదో, ఎక్కువైతే దాదోస్, అంతే. ఇంగ్లీష్‌లో డై, డైస్ అనే తికమక ఇక్కడ లేదు. మొదటి ద మన ద లాగే పలకండి, రెండోది కాస్త మెత్తగా. పాచికలు వెయ్యడం అంటే "తిరార్ లోస్ దాదోస్".

అసలు కిటుకు ఏంటంటే, కూబో అనేది ఆకారానికి పేరు. దాదో అనేది ఆ వస్తువు చేసే పనికి పేరు. కొన్ని ఆటల్లో 20 ముఖాల పాచిక ఉంటుంది చూడండి, అది క్యూబ్ కానే కాదు, అయినా అది "దాదో దె వేయింతే కారాస్". రూబిక్స్ క్యూబ్‌తో పందెం వెయ్యం కాబట్టి అది "కూబో దె రూబిక్". లెక్కల్లో రెండు క్యూబ్, అంటే 8, "దోస్ అల్ కూబో".

వంటింట్లోకి వెళ్తే మాత్రం ఈ రూల్ పనిచెయ్యదు. బంగాళదుంపల్ని చిన్న చిన్న చదరపు ముక్కలుగా తరగమనడానికి "కొర్తార్ ఎన్ దాదోస్" అని రాస్తారు. ఐస్ ముక్క "కుబీతో దె యేలో", అంటే బుల్లి కూబో. పోనీ షుగర్ క్యూబ్? అది రెండూ కాదు, "తెర్రోన్"! మట్టి పెళ్లకి కూడా అదే మాట. ఇది నాకు భలే నచ్చింది.

కోడింగ్ చేసేవాళ్ళకి ఇంకో చిక్కు. "ఇచ్చిన" అనే అర్థంలో కూడా దాదో వస్తుంది. స్పానిష్‌లో ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ "దాదో ఊన్ నూమెరో" అని మొదలైతే పాచిక కోసం వెతక్కండి. ఒక నంబర్ ఇస్తే అని దానర్థం. అందుకే ట్రాన్స్‌లేటర్‌కి ఒంటరి పదం పంపకండి, అది ఏ స్క్రీన్‌లో వస్తుందో కూడా రాయండి.

అన్నట్టు, స్పెయిన్‌లో ఇంటింటా ఆడే "పార్చీస్" మన పచ్చీసీ నుంచి వెళ్ళిందే. అక్కడ కాయ బయటికి రావాలంటే దాదో మీద 5 పడాలి, ఆరు కాదు. కాబట్టి బటన్ మీద మాట మార్చి ఊరుకోకండి, కోడ్‌లో ఆ నంబర్ కూడా ఒకసారి చూసుకోండి.