గుడిబండ రాకుమారుడి గడ్డమీద నాటకం పీరియడు ఏదీ?

కత్తి కాంతారావు అంటే తెలియని సినిమా అభిమాని ఎవరండీ! గుర్రమెక్కి, మాంత్రికుడి గుహలో దూరి, రాకుమారిని విడిపించుకొచ్చే ఆ జానపద వీరుడి సొంతూరు కోదాడ దగ్గర గుడిబండ. 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు ఆయనే. డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిది సూర్యాపేట వైపు తుంగతుర్తి. ఉస్మానియాలో వైద్యం చదివి, స్టెతస్కోపు పక్కనపెట్టి, 'చివరకు మిగిలేది' (1960)తో ముఖానికి రంగు వేసుకున్నారు. మిమిక్రీతో మొదలెట్టి 'సంప్రదాయం' (1996)తో తెరకెక్కి, 'లక్ష్మి' (2006)కి నంది బహుమతి అందుకున్న వేణుమాధవ్‌ది కూడా కోదాడే. ముగ్గురూ ఇప్పుడు లేరు. కానీ వారి ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళలో బడులున్నాయి, బడుల్లో పిల్లలున్నారు.

ఆ పిల్లలకు నాటకం నేర్పేదెవరు? చాలా బడుల్లో కళ అంటే వార్షికోత్సవం నాడు టేపు పెట్టి సినిమా పాటకు గంతులేయడమే. తప్పని అనడం లేదు, ముచ్చటే! కానీ అందులో పిల్లవాడు సొంతంగా ఒక్క మాటైనా పలకడు కదా. నోరు విప్పి నలుగురిలో నిలబడి మాట్లాడటం, ఎదుటివాడి కష్టం తన ఒంటిమీదికి తెచ్చుకోవడం... అది నాటకం పని.

మన ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీలో జనాన్ని కదిలించింది ఈ ఉమ్మడి నల్లగొండ నేలమీదే. తెలంగాణ రైతు పోరాటాన్ని 'మాభూమి' నాటకంగా సుంకర, వాసిరెడ్డి రాస్తే 1947లో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. (గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' సినిమాకూ దీనికీ పేరొక్కటే చుట్టం, ఆ సినిమాకు ఆధారం కిషన్ చందర్ నవల.)

బడిలో నాటకాన్ని పాఠంగా వాడే పద్ధతికి ఇంగ్లండులో కోవెంట్రీ నగరపు బెల్‌గ్రేడ్ థియేటర్ 1965లో దారి వేసింది. మన ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో ఇదే పని కోసం ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టింది. ఇందులో తెరలూ కిరీటాలూ అక్కర్లేదు. మిర్యాలగూడ పిల్లలకు సాగర్ ఎడమ కాలువే కథావస్తువు అనుకోండి. ఒకడు కాలువ మొదట్లో పొలమున్న రైతు, ఒకడు నీరందని చివరి ఆయకట్టు రైతు, ఒకమ్మాయి ఇంజనీరు, ఇంకొకమ్మాయి రైసు మిల్లు యజమాని. సీను మధ్యలో ఆపి, చూస్తున్న పిల్లలు పాత్రల్ని నిలదీస్తారు: "నీ పొలం తడిసినంక తూము ఎందుకు మూయలే?" జవాబు పాత్రగానే చెప్పాలి మరి! సాంఘికశాస్త్రం, లెక్కలు, తెలుగు... మూడూ ఒక్క గంటలో వచ్చి కూర్చుంటాయి. ఎండిన పొలం రైతు వేషం కట్టిన మిల్లు యజమాని కొడుకు, ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఏమనుకుంటాడో ఊహించుకోండి.

"బాగనే ఉంది గనీ సారూ, గీ ఏషాలు బువ్వ వెడ్తయా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. కాంతారావు కథే చూడండి. వందలాది చిత్రాల్లో వేసిన మనిషి, నిర్మాతగా మారి 'సప్తస్వరాలు' (1969) వంటి చిత్రాలు తీసి నష్టాల్లో చిక్కుకున్నారు. 2009లో కన్నుమూసేనాటికి అంతటి కథానాయకుడికీ డబ్బుకు ఇబ్బందే. ఈ సంగతి పిల్లలకు దాచి, తారల తళుకులే చూపడం మోసం.

అయితే నాటకం నేర్చినవాడు హీరోనే కావాలని ఎక్కడుంది? ప్రభాకరరెడ్డి సినీ కార్మికుల ఇళ్ళ కోసం మణికొండలో తన భూమి ఇచ్చారు. చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ కాలనీ ఎవరి కోసం? పరిశ్రమ వాళ్ళు చెప్పుకునే '24 క్రాఫ్టుల' వాళ్ళ కోసం. మేకప్పు, కాస్ట్యూమ్సు, లైటింగు, సెట్టింగు, ఎడిటింగు, డబ్బింగు. కోదాడలో కుట్టుమిషను తొక్కే ఇంటి పిల్లకు కాస్ట్యూమ్ డిజైనింగ్ అని ఒక వృత్తి ఉందని, వడ్రంగి కొడుక్కి ఆర్ట్ డైరెక్షన్‌లో పని ఉంటుందని చెప్పేవాళ్ళే కరువు. మన పాటల సుద్దాల అశోక్‌తేజ ఒకప్పుడు బడిపంతులే కదా, 'ఠాగూర్' (2003) పాటకు జాతీయ బహుమతి తెచ్చుకున్నారు.

చదువులా? ఒకప్పుడైతే మద్రాసు రైలెక్కాలి. ఇప్పుడు సూర్యాపేటలో బస్సెక్కితే 135 కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు. సెంట్రల్ యూనివర్సిటీలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలున్నాయి. బొమ్మలు గీసే చెయ్యుంటే జె.ఎన్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్, ఫొటోగ్రఫీ, అప్లైడ్ ఆర్ట్ ఉన్నాయి. ఢిల్లీ డ్రామా స్కూలుకైతే డిగ్రీతోపాటు నాటకాలాడిన అనుభవం అడుగుతారు. ఆ అనుభవం ఎక్కడ రావాలి, బడిలో కాకపోతే? "ఫొటో, డబ్బు పంపండి, ఛాన్సు ఇప్పిస్తాం" అనే ప్రకటనల జోలికి మాత్రం పోవద్దు నాయనా! పని ఇచ్చేవాడు డబ్బిస్తాడు గానీ పుచ్చుకోడు.

తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి 'కళా ఉత్సవ్' పోటీలు నడుపుతోంది. జిల్లాస్థాయిలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ గెలిస్తే జాతీయ వేదికకు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హెడ్మాస్టర్లు ఈ ఏడాది పేర్లు పంపేముందు వారానికో పీరియడు నాటకానికి వదిలిపెడితే చాలు. బెంచీలు గోడవారకు జరిపితే అదే స్టేజీ.