ఒకే కారు, ఐదు బ్యాడ్జీలు: 1959లోనే రీబ్రాండింగ్

రెడ్‌మి కే30 మన దగ్గర పోకో ఎక్స్2గా దిగినప్పుడు చాలామంది "ఇదేం మోసం" అన్నారు. నిజానికి ఈ ఆటలో బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ 60 ఏళ్లు సీనియర్!

ఆస్టిన్, మోరిస్ 1952లో కలిసి బీఎంసీ అయ్యాయి. డీలర్లు మాత్రం కలవలేదు. ఎవరి షోరూమ్‌కి వాళ్లకి ఓ కారు కావాలి. అందుకే ఫరీనా డిజైన్ చేసిన ఒకే ఫ్యామిలీ కారు 1959 కల్లా ఐదు పేర్లతో వచ్చేసింది: ఆస్టిన్ ఏ55 కేంబ్రిడ్జ్ మార్క్ 2, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 5, వూల్స్‌లీ 15/60, ఎంజీ మాగ్నెట్ మార్క్ 3, రైలీ 4/68. అన్నిట్లో ఇంజిన్ 1489 సీసీయే. ఎంజీ, రైలీలకు రెండు కార్బొరేటర్లు. వూల్స్‌లీకి లోపల చెక్క, లెదర్, ముందు గ్రిల్ మీద లైటు వెలిగే బ్యాడ్జీ. రైలీ పేరులో 4 అంటే సిలిండర్లు, 68 అంటే ఇంచుమించు హార్స్‌పవర్. నేనైతే ఆస్టిన్ కొని మిగతా డబ్బు పెట్రోల్‌కి దాచుకునేవాణ్ని.

మన అంబాసిడర్ కూడా ఆక్స్‌ఫర్డే. కాకపోతే ఈ ఫరీనా బాడీ కాదు, అంతకుముందు 1956లో వచ్చిన సిరీస్ 3. బ్రిటన్‌లో పేరు ఉంచి కారు మార్చారు, ఇక్కడ కారు ఉంచి పేరు మార్చారు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ 1971లో ఆగిపోయింది, ఉత్తరపారాలో అంబాసిడర్ 2014 దాకా తయారైంది.